సందేహాలు సున్నా

వకుళ టీచర్‌కు కోపం రావడానికి మూడేళ్ళు పట్టింది. రావలసిన రోజున వచ్చి ఉంటే వ్యవహారం ఇంత దూరం వచ్చేది కాదు. ఆ రోజున ఆవిడ నవ్వుతూ శాలువా కప్పించుకుంది.

ఉదయగిరి కొండ కనిపించేంత దూరంలో ఉన్న జమ్మిపాలెం ఉన్నత పాఠశాలలో ఆవిడ పద్దెనిమిదేళ్ళుగా సైన్సు చెబుతోంది. చేరిన మొదటి ఏడాదే ఒక సంగతి కనిపెట్టింది. "అర్థమైందా?" అని అడిగితే పిల్లలంతా ఒక్క గొంతుతో "అయింది మేడం" అంటారు. అర్థం కానివాళ్ళు మరీ గట్టిగా అంటారు. అందుకని ఆ ప్రశ్న అడగడం మానేసి, బల్ల మీద ఒక పాత బిస్కెట్ డబ్బా పెట్టి, దాని మూతకు గాటు పెట్టింది. నోరు విప్పి అడగలేనివాళ్ళు చీటీ రాసి అందులో వేయాలి. పేరు రాయనక్కర్లేదు. అయినా దస్తూరీ చూసి అది ఎవరిదో ఆవిడ పట్టేసేది. మర్నాడు ఆ బిడ్డ వైపు చూడకుండానే సమాధానం చెప్పేది. ఆ పాఠం వింటున్నప్పుడు ఆ బిడ్డ ఎలా కూర్చుందో, కనుబొమలు ఎప్పుడు ముడిపడ్డాయో, గొంతు ఎలా కదిలిందో చీటీ వెనక ఒక ముక్క రాసి దాచుకునేది. ఆవిడకు అదొక పిచ్చి. కొన్నాళ్ళకు ఆ చీటీలు ఏడు గోనెసంచులయ్యాయి.

డాక్టర్ హరిగోపాల్ రాజధాని నుంచి కారేసుకుని వచ్చింది ఆ సంచుల కోసమే. బడుల్లో వాడే యంత్రాలు తయారు చేసే ప్రయోగశాల ఆయనది. మర్యాదస్తుడు, ఎవరు మాట్లాడినా మధ్యలో అడ్డు తగలడు. సంచులు తీసుకుపోయిన ఎనిమిది నెలలకు మళ్ళీ వచ్చి, ఆరో తరగతి నల్లబల్ల పైన శనగగింజంత కెమెరా ఒకటి బిగించి, ఆవిడ చేతిలో ఒక తెల్లటి పూస పెట్టాడు.

"చెవిలో పెట్టుకుని మీ పాఠం మీరు చెప్పండి మేడం" అన్నాడు.

ఆ రోజు పాఠం పీడనం. సూది మొన గుడ్డలోకి దిగుతుందని ఆవిడ చెబుతుండగా చెవిలో ఒక మెత్తటి గొంతు పలికింది. "మూడో బల్ల, ఎడమ చివర. తోసే బలం అంతే అయినప్పుడు మొద్దు వైపు ఎందుకు దిగదని." ఆవిడ ఆ మాటే ఎత్తుకుని వివరం చెప్పింది. మూడో బల్ల ఎడమ చివర కూర్చున్న షంషాద్, బడిలో చేరిన నాటి నుంచి ఒక్కనాడూ నోరెత్తని పిల్ల, ముఖమంతా విప్పార్చుకుని చూసింది.

"మాట నోట్లోకి రాకముందే గొంతులో కదులుతుంది" అన్నాడు హరిగోపాల్ తర్వాత. "ఇన్నేళ్ళు మీరు కంటితో పట్టింది మా కెమెరా పడుతుంది. మీరైతే ఒక్కరిని చూస్తారు, అది నలభై మందినీ చూస్తుంది. అంతే తేడా."

ఆ సాయంత్రం అందరూ కప్పిన శాలువాతోనే వకుళ స్టాఫ్ రూములో కూర్చుని ఏడ్చింది. సంతోషం పట్టలేక ఏడ్చింది. సిగ్గుపడి వెనకబడే పిల్లలు ఇక ఉండరనుకుంది.

యంత్రానికి కాగితాల మీద ఉన్న పేరు 'నివారిణి'. టీచర్లు మాత్రం పూస అనే పిలిచారు. ఏడాది తిరిగేసరికి అది నాలుగు జిల్లాల బడులకు పాకింది, దాన్ని వాడడం నేర్పే శిక్షణ తరగతులకు వకుళే పెద్ద దిక్కయింది. ఆవిడ చెప్పే చిట్కాలు టీచర్లు పుస్తకాల్లో రాసుకునేవారు.

"పూస చెప్పీ చెప్పంగానే ఆ పిలకాయ వంక చూడమాకండి. మనసులో రెండంకెలు లెక్కబెట్టండి. చెప్పే మాట అందరికీ చెప్పినట్టే చెప్పండి. ఎవరన్నా చెయ్యెత్తారనుకోండి, 'ఆగు నాన్నా, అదే చెప్పబోతున్నా' అని ఆ చెయ్యి దింపించండి. చెయ్యెత్తే పనే లేకుండా చేసినోళ్ళే మంచి టీచరు."

ఈ ఆఖరి చిట్కాకు చప్పట్లు పడేవి. ఒకసారి మాత్రం వెనక వరసలోంచి సుబ్బరామయ్య అనే తెలుగు పండితుడు లేచాడు. అప్పటికి ఆయన రిటైరవడానికి రెండు నెలలుంది.

"అమ్మా, చెయ్యెత్తే పనే లేకపోతే వాడు చెయ్యెత్తడం ఎప్పుడు నేర్చుకుంటాడు?"

నమూనా పాఠం నడుస్తుండగా ఎవరూ మధ్యలో మాట్లాడకూడదని, ఏమున్నా చివర్లో అభిప్రాయ పత్రంలో రాయాలని శిక్షణ తరగతుల్లో నియమం. ఆ నియమం పెట్టింది కూడా వకుళే. "మాస్టారూ, మీ ఫారంలో రాయండి, పూసకు చూపిస్తాను" అంది. అందరూ నవ్వారు. ఆయనా నవ్వి కూర్చున్నాడు. టీ చల్లారిపోతోందని అందరూ హడావుడిగా అయిదు నక్షత్రాలు పెట్టి ఇచ్చే ఆ పత్రాలను ఎవరు చదువుతారు? ఆవిడా చదవలేదు.

పరీక్షల్లో మార్కులు పెరిగాయి. తల్లిదండ్రులు సంతోషించారు. హెడ్మాస్టరు మస్తానయ్య గదిలో జ్ఞాపికలకు ఒక అల్మారా చాలలేదు. వకుళ తన కూతురు ఆమనిని కూడా గర్వంగా అదే బడిలో ఆరో తరగతిలో చేర్చింది. ఆ పిల్ల పూస వచ్చిన ఏడాదే వచ్చి, ఇప్పుడు ఎనిమిదికొచ్చింది.

బస్సు సంగతి జరిగింది ఒక శనివారం మధ్యాహ్నం. ఆమని చిత్రలేఖనం పరీక్ష రాయడానికి ఉదయగిరి వెళ్ళింది. తిరిగి వచ్చేటప్పుడు జమ్మిపాలెం బస్సనుకుని బద్వేలు బస్సెక్కింది. చేతిలో పాసు ఉంది, బస్సు కిక్కిరిసి ఉంది, కండక్టరు సరిగా చూడలేదు. బద్వేలు డిపోలో అందరూ దిగిపోయాక ఒక్కతే కూర్చుని ఉంటే ఎవరో చూసి, పుస్తకం మీదున్న నంబరుకు ఫోన్ చేశారు. సబ్‌స్టేషన్‌లో పనిచేసే తండ్రి పెంచలయ్య మోటారుసైకిల్ మీద పోయి తీసుకొచ్చాడు.

ఇల్లు చేరేసరికి పిల్ల ముఖంలో భయం లేదు. ఏడ్చిన జాడ కూడా లేదు.

"తప్పు బస్సని ఎప్పుడు తెలిసింది?" అంది వకుళ.

"రెండో స్టాపులోనే."

"మరి కండక్టరును అడక్కపోయావా?"

"ఆయన చెప్పలేదు."

"నువ్వడిగితే కదమే ఆయన చెప్పేది."

ఆమని తల్లి వైపు నిదానంగా చూసింది. "ఎవరో ఒకరు చెప్తారులే అనుకున్నా" అంది. పొరపాటు చేశానని ఆ పిల్ల అనుకున్నట్టే లేదు.

పెంచలయ్య చెప్పులు విడుస్తూ అన్నాడు. "నిన్నగాక మొన్న ఉప్పు వెయ్యడం మర్చిపోయినాను. గిన్నెడు పులుసూ తినింది గానీ నోరు తెరిచి అడగలా. అలకేమో అనుకున్నా. ఏందిమే ఇది, పిల్లకేమైంది?"

వకుళ కూతురి సంచీ అందుకుని గోడకు తగిలించింది.

సోమవారం పూస తీసి హ్యాండ్‌బ్యాగులో వేసుకుని ఎనిమిదో తరగతికి వెళ్ళింది. పిడుగు ఎలా పడుతుందో చెబుతూ, మేఘంలో విద్యుత్తు పోగైందన్న మాట దగ్గర సగంలో ఆపేసి కుర్చీలో కూర్చుంది. నలభై మంది పిల్లలు ఆవిడను చూస్తూ కూర్చున్నారు. పన్నెండు నిమిషాలు గడిచాయి. ఒక్కరు కదలలేదు, ఒక్కరు గుసగుసలాడలేదు. తర్వాతేమైందని అడిగినవాళ్ళు లేరు. పద్దెనిమిదేళ్ళలో ఆవిడ ఇంత నిశ్శబ్దమైన తరగతి చూడలేదు, చూడకుండా ఉంటే బాగుండేది.

"ఎవరికైనా ఏమన్నా అడగాలని ఉందా?" అంది చివరికి.

"లేదు మేడం" అన్నారు ఒక్క గొంతుతో. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. అది ముఖాల మీదే తెలుస్తోంది.

బ్యాగులోంచి పూస తీసి చెవిలో పెట్టుకుంది. పూస పలకలేదు. అది ఆఖరుసారి ఎప్పుడు పలికిందో గుర్తు చేసుకోబోతే గుర్తు రాలేదు. నెలల తరబడి అది మౌనంగా ఉంటే, తాను అంత గొప్పగా పాఠం చెబుతున్నానని మురిసిపోయింది. ఆ సంగతి తలుచుకుంటే ఆవిడకు తన మీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడే సెలవు పెట్టి రాజధాని బస్సెక్కింది.

హరిగోపాల్ ప్రయోగశాల చల్లగా, శుభ్రంగా ఉంది. ఆవిడ చీటీలన్నీ అద్దాల బీరువాలో వరసగా అమర్చి ఉన్నాయి. ఆయన స్వయంగా కాఫీ తెచ్చిచ్చాడు.

"జమ్మిపాలెం గీత చూపించండి" అంది ఆవిడ.

తెర మీద గీత వచ్చింది. పిల్లల గొంతుల్లో కదిలిన ప్రశ్నల లెక్క అది. మొదటి నెలల్లో ఎగుడుదిగుడుగా, కొండల వరసలా ఉంది. ఏడో నెల నుంచి దిగడం మొదలైంది. రెండో ఏడాది మధ్యకు వచ్చేసరికి అడుగున గీసిన అడ్డగీతలో కలిసిపోయింది.

"ఇది మీకు ఎప్పటినుంచి తెలుసు?"

"ఏడో నెల నుంచే మేడం" అన్నాడు హరిగోపాల్ తడుముకోకుండా. "ప్రశ్న పూర్తిగా తయారవకముందే సమాధానం అందుతోంది. అలాంటప్పుడు దాన్ని తయారు చేసే శ్రమ మెదడు మానుకుంటుంది. అనవసరమైన పని వదిలేసుకుంది, అంతే. మేం దీన్ని పరిపక్వత అంటున్నాం."

"పరిపక్వతా?"

"మార్కులు పెరిగాయి కదా."

వకుళకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా గొంతు పెంచలేదు, కాఫీ గ్లాసు మాత్రం దూరంగా జరిపింది. "నా బిడ్డ తప్పు బస్సని తెలిసీ బద్వేలు దాకా కూర్చుంది. ఏడో నెలలో మీరు నాకొక్క ముక్క చెప్పి ఉంటే నేనా పూసను అప్పుడే రోట్లో వేసి దంచేదాన్ని."

"మీరు అడగలేదు మేడం" అన్నాడు ఆయన.

ఆ మాట నిజం. అందుకే అది ఆవిడకు చెంపదెబ్బలా తగిలింది. నెలనెలా పంపే నివేదికలో 'సందేహాలు సున్నా' అన్న అంకె చూసి చప్పట్లు కొట్టించుకుందే గానీ, ఎందుకు సున్నా అయిందని ఆవిడా అడగలేదు.

ఆయన మరో కాగితం తీశాడు. జూన్ నుంచి రాష్ట్రంలోని ఒకటో తరగతులన్నిటికీ పూస వస్తోంది. విద్యాశాఖ కమిషనర్ మేడం గురువారం జమ్మిపాలెం వచ్చి నమూనా పాఠం చూస్తారు, అక్కడే ఫైలు మీద సంతకం పెడతారు. పాఠం చెప్పాల్సింది వకుళ.

"అయిదేళ్ళ పిల్లలకా?" అంది ఆవిడ. "ప్రశ్న వెయ్యడమే ఇంకా పూర్తిగా రానోళ్ళకు?"

"అలవాటు మాన్పించే ఇబ్బంది కూడా ఉండదు" అన్నాడు హరిగోపాల్. ఆయన ఆ మాట ఎగతాళికి అనలేదు. నిజంగానే అది మంచి సంగతి అనుకుంటున్నాడు.

తిరుగు ప్రయాణంలో పాఠం చెప్పనని ఉత్తరం రాసేద్దామనుకుంది. కానీ తను కాకపోతే ఇంకొకరు చెబుతారు. తను నేర్పిన చిట్కాలతోనే, తన కంటే బాగా చెబుతారు. ఉత్తరం రాయలేదు.

గురువారం బడికి మామిడి తోరణాలు కట్టారు. ఎనిమిదో తరగతి గది వెనక ఆరు కుర్చీలు వేసి, గోడ మీద పెద్ద తెర పెట్టారు. తెర మీద ఆకుపచ్చ అక్షరాల్లో 'సందేహాలు: 0' అని ఉంది. కమిషనర్ మేడం నడివయసు మనిషి. పత్తి చీర కట్టుకుని, ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్కన హరిగోపాల్, ఆయన పక్కన మస్తానయ్య, మరో ముగ్గురు అధికారులు. అందరి చేతుల్లోనూ అభిప్రాయ పత్రాలున్నాయి.

వకుళ బల్ల మీద గ్యాసు పొయ్యి వెలిగించి గాజు బీకరులో నీళ్ళు పెట్టింది. నీళ్ళు కాగేదాకా ఉష్ణోగ్రత గురించి నాలుగు మాటలు సవ్యంగానే చెప్పింది. బుడగలు లేచాయి. ఆవిరి పైకి లేచి ఆవిడ కళ్ళజోడును కమ్మేసింది.

"చూస్తున్నారుగా" అంది. "వేడి చేసే కొద్దీ నీళ్ళు గడ్డకడుతున్నాయి. రాసుకోండి."

అదే మాట బోర్డు మీద రాసింది. నలభై పెన్నులు కదిలాయి. ముందు బల్ల మీద కూర్చున్న షంషాద్ ముఖానికి ఆవిరి తగులుతోంది. ఆ పిల్ల ముఖం తుడుచుకుని, తల వంచి, 'నీళ్ళు గడ్డకడుతున్నాయి' అని గుండ్రటి అక్షరాలతో రాసుకుంది. పూస పలకలేదు. తెర మీద అంకె మారలేదు.

వకుళ ఆ గుండ్రటి అక్షరాలు చూసింది. ఈ పిల్లే ఒకనాడు సూది మొద్దు వైపు ఎందుకు దిగదని లోలోపల గింజుకుంది. ఆ పిల్ల నోటి దాకా వచ్చిన ప్రశ్నను చెవిలో పూస పెట్టుకుని లాగేసుకున్నది తనే.

"గడ్డకట్టిన నీళ్ళు చల్లగా ఉంటాయి కాబట్టి ఈ బీకరును వట్టి చేత్తో పట్టుకోవచ్చు" అంది ఆవిడ. "రాసుకోండి."

రాసుకున్నారు. వెనక కుర్చీల్లో ఒక అధికారి గొంతు సవరించుకున్నాడు గానీ ఏమీ అనలేదు. మస్తానయ్య తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు. నమూనా పాఠం మధ్యలో మాట్లాడకూడదు కదా. వకుళ పొయ్యి ఆర్పి, బీకరును పటకారుతో తీసి పిల్లలకు అందకుండా కిటికీ గట్టు మీద పెట్టింది. తర్వాత నాలుగో బల్ల దగ్గరికి నడిచింది.

"ఆమనీ, లే. ఈ క్లాసు నీది కాదు. సంచీ తీసుకుని వెళ్ళిపో."

ఆమని లేచింది. పెన్నుకు మూత పెట్టింది, పుస్తకాలు సంచీలో సర్దుకుంది, కుర్చీల పక్కనుంచి నడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయింది. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. పక్కన కూర్చున్న పిల్ల జరిగి చోటు సర్దుకుంది.

సందేహాలు సున్నా.

"ఒక్క నిమిషం" అంది కమిషనర్ మేడం. "ఆ అమ్మాయిని ఎందుకు పంపించేశారు?"

"అభిప్రాయాలు చివర్లో మేడం" అని హరిగోపాల్ మెల్లగా అందించాడు.

"ఎందుకు పంపించేశారని అడుగుతున్నాను" అంది ఆవిడ మళ్ళీ.

"ఇంతసేపటికి ఈ గదిలో ఒకరు అడిగారు" అంది వకుళ. ఇక గొంతును అదుపులో పెట్టుకోలేదు. "ఆ పిల్ల నా కూతురు. ఈ క్లాసు దానిదే. కన్నతల్లి పొమ్మంటే ఎందుకమ్మా అని అడగాలని దానికి తెలియడం లేదు. మరిగే నీళ్ళు ఎదురుగా పెట్టి గడ్డకట్టాయన్నాను. నలభై మంది రాసుకున్నారు. పుస్తకాలు తీసి చూడండి మేడం. మీరందరూ కూడా విన్నారు, మీరూ అడగలేదు. ఆ అడగకూడదనే నియమం పెట్టిన మహాతల్లిని నేనే."

కమిషనర్ మేడం వంగి ముందు బల్ల మీద పుస్తకం ఒకటి తీసుకుంది. చదివి, పక్క పుస్తకం కూడా తీసుకుంది. మూడో పుస్తకం తీసుకోలేదు.

"తప్పు పాఠం చెప్పింది టీచరు" అన్నాడు హరిగోపాల్. "యంత్రం కాదు మేడం."

"అవును, నేనే చెప్పాను" అంది వకుళ. "మూడేళ్ళ నుంచి చెబుతున్నాను. నాలుగు జిల్లాల టీచర్లకు నేర్పి మరీ చెప్పించాను. ఇప్పుడు నన్ను సస్పెండు చేసుకోండి, ఏమైనా చేసుకోండి. అయిదేళ్ళ పిలకాయల జోలికి మాత్రం పోవద్దు."

పూస తీసి తెర కింద బల్ల మీద పడేసింది. కమిషనర్ మేడం ఫైలు మూసి, పెన్నుకు మూత పెట్టింది. "ఇవాళ సంతకం లేదు" అంది.

"ఇవాళ కాకపోతే వచ్చే నెల" అన్నాడు హరిగోపాల్, ఎవరితోనన్నది తెలియకుండా.

వకుళ అది వినలేదు. ఆవిడ కళ్ళు వరండా మీద ఉన్నాయి. ఆమని వరండాలో నిలబడి ఉంటుందనుకుంది. అక్కడ ఎవరూ లేరు. వెళ్ళిపొమ్మంటే పిల్ల వెళ్ళిపోయింది. ఎక్కడికని తనూ చెప్పలేదు, ఆ పిల్లా అడగలేదు. వకుళ చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది.

గేటు బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. ఉదయగిరి వెళ్ళే తారు రోడ్డు మీద చాలా దూరంలో తెల్ల చొక్కా, వీపు మీద సంచీ కనిపించాయి. నడక ఒకే తీరుగా సాగుతోంది, తొందర లేదు. వకుళ పిలిచింది. పిల్ల ఆగలేదు, వినపడలేదేమో. అరికాళ్ళు కాలుతుంటే పరుగెత్తి, రొప్పుతూ వెళ్ళి భుజం పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"ఎందుకు పోతున్నావే? యాడికి పోతున్నావు? మీ అమ్మ పొమ్మంటే పోతావా? ఎందుకని నన్నొక్క మాట అడగలేవా?" ఆవిడ కూతురి భుజాలు పట్టి ఊపేస్తోంది, ఏడుస్తోంది, ఆ కోపం పిల్ల మీద కాదని తెలిసీ ఆపుకోలేకపోతోంది. "అడగవే. నన్ను అడుగు."

ఆమని తల్లి ముఖంలోకి చూసింది. పైపెదవి మీద చెమట పట్టింది. గొంతు దగ్గర చర్మం కదిలింది, ఆగింది, మళ్ళీ కదిలింది. లారీ ఒకటి దుమ్ము రేపుకుంటూ పోయింది. వకుళ కదలకుండా నిలబడింది.

"ఏమని అడగాలమ్మా?" అంది ఆమని.

జవాబు వకుళ నాలుక చివరిదాకా వచ్చింది. పద్దెనిమిదేళ్ళ అలవాటు అది. ఇలా అడుగు, అలా అడుగు అని అప్పటికప్పుడు నాలుగు ప్రశ్నలు అందించగలదు, పిల్ల వాటిని చక్కగా అప్పజెబుతుంది. ఆవిడ పళ్ళ మధ్య నాలుక గట్టిగా నొక్కిపెట్టి, నోరు మూసుకుని, ఎండలో అలాగే నిలబడింది.